కణాలు ఆకలితో చచ్చాయా, విషంతోనా?

మొన్న మార్కాపురంలో మా వీధి అమ్మాయి ఒకతె ఉద్యోగం కాగితం పట్టుకుని వచ్చింది. హైదరాబాదులో ప్రోటీన్ మందులు తయారుచేసే కంపెనీ. "కణాలతో చేసే పరీక్షల వాలిడేషన్ అని రాసినారు మేడం. అంటే రోజూ ఏంది చేసేది?" అని అడిగింది. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం చేసింది ఆ పనే. అయినా టీ తాగే వ్యవధిలో చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను. ప్రమోషన్ల గురించీ, నింపాల్సిన కాగితాల గురించీ రాయను. అవి చేరిన వారంలోనే ఎవరో ఒకరు నేర్పుతారు. ఎవరూ నేర్పనిది వేరే ఉంది. అది నాకు ఒక మనిషి సీరం వల్ల తెలిసింది.

పని ఏమిటంటే

ప్రోటీన్ మందును సూదితోనే ఎక్కించాలి. మాత్రగా మింగితే కడుపులో అరిగిపోతుంది. అట్లా ఎక్కించిన ప్రోటీన్‌ని కొందరి శరీరం పరాయిదనుకుంటుంది. దాని మీదికి యాంటీబాడీలను తయారుచేస్తుంది. వాటిలో కొన్ని మందుకు ఊరికే అతుక్కుని ఉంటాయి, ఏ హానీ చేయవు. కొన్ని మాత్రం మందు పనిచేసే చోటునే పట్టుకుని మూసేస్తాయి. అతుక్కునే వాటిని కనిపెట్టడం తేలిక. మూసేసేవి ఉన్నాయో లేదో తెలియాలంటే బతికున్న కణాలనే అడగాలి.

మా ల్యాబులో ఎక్కువగా చూసిన మందు ఈపీవో. ఎముక మూలుగకు 'రక్తం తయారుచెయ్యి' అని చెప్పే ప్రోటీన్ అది. మామూలుగా మన కిడ్నీలే తయారుచేస్తాయి. కిడ్నీలు చెడిపోయినవాళ్లకు బయటి నుంచి ఇవ్వాలి. మా వైపు డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు దాన్ని 'రక్తం పట్టే సూది' అంటారు. ఎంతో అరుదుగా ఒకరికి దాని మీద మూసేసే రకం యాంటీబాడీలు పుడతాయి. అప్పుడు సూదిమందే కాదు, ఒంట్లో మిగిలిన కాస్త సొంత ఈపీవో కూడా పనిచేయదు. రక్తం తయారవడం ఆగిపోతుంది. ఆ మనిషికి ఆ సూది వెంటనే మానేయాలి. అవి లేని మనిషికి, ఉన్నాయని పొరబడి మానిపిస్తే, ఉన్న ఒక్క ఆధారమూ తీసేసినట్టే.

మా దగ్గర ఈపీవో ఉంటేనే బతికే కణాలు ఉండేవి. అదే వాటి తిండి. కణాలు, ఈపీవో, రోగి సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే పసుపు నీరు), మూడూ ప్లాస్టిక్ ప్లేటులోని ఒకే గుంటలో కలిపి ఇంక్యుబేటర్‌లో పెట్టేవాళ్లం. సీరంలో మూసేసే యాంటీబాడీలు ఉంటే కణాలకు తిండి అందదు, చచ్చిపోతాయి. లేకపోతే పెరుగుతాయి. ఎన్ని బతికాయో చివర్లో మిషను కొలుస్తుంది.

ఈ పరీక్ష నిజం చెబుతోందని ముందే రుజువు చేయడమే వాలిడేషన్. చెయ్యి మారినా, రోజు మారినా జవాబు మారకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైనది గీత. కణాలు ఎంత తగ్గితే 'ఉంది' అనాలి? ఆ గీత గీయడానికి యాంటీబాడీలు లేని చాలామంది సీరాలు తీసుకుని, అవి కణాలను మామూలుగా ఎంత తగ్గిస్తాయో చూస్తాం. అంతకన్నా కిందికి పోతేనే అనుమానం.

మా మేనేజరు రంగనాథ్ గారు

ఆ గీతను మేము మొదట ఆరోగ్యవంతుల సీరంతో గీశాం. రక్తదాతల సీరం సులభంగా దొరికేది. డయాలసిస్ రోగులది దొరకాలంటే ఊరూరా ఆసుపత్రులు తిరగాలి, అనుమతులు కావాలి. మా మేనేజరు రంగనాథ్ గారు "ముందు మొదలుపెడదాం, తర్వాత చూద్దాం" అన్నారు. ఆ గదిలో ఎవరమూ అడ్డు చెప్పలేదు.

ఆయన గురించి ఉన్నమాట రాస్తాను. చెడ్డవాడు కాదు. ప్రతి గ్రాఫూ తన కళ్లతో చూడందే సంతకం పెట్టేవాడు కాదు. కోపం వచ్చినా మాట తూలేవాడు కాదు. కానీ నున్నగా ఉన్న గ్రాఫును చూస్తే మురిసిపోయేవాడు. ఆరోగ్యవంతుల సీరాలు ఇచ్చే గ్రాఫు చాలా నున్నగా ఉంటుంది. జబ్బు మనిషి సీరం అట్లా ఉండదు. అందులో పేరుకుపోయిన మలినాలుంటాయి, రకరకాల మందులుంటాయి. పరీక్షను ఎవరి కోసం చేస్తున్నామో వాళ్ల సీరంతోనే గీత గీయాలి. చిన్నపిల్లవాడి కొలతలతో పెద్దవాడికి చొక్కా కుడితే ఎట్లా ఉంటుందో ఇదీ అంతే. వినడానికి ఎంత మామూలుగా ఉన్నా, తొందరలో అందరూ తప్పే చోటు ఇదే.

మార్కాపురం సీరం

ఒకరోజు మార్కాపురం నుంచి డాక్టర్ సలీం గారు ఫోన్ చేశారు. వారానికి కొన్ని రోజులు అక్కడి డయాలసిస్ రోగులను చూసే కిడ్నీ డాక్టరు ఆయన. యర్రగొండపాలెం దగ్గర ఊరి నుంచి వచ్చే గురవయ్య అనే గొర్రెల కాపరికి రక్తం పడిపోతోంది. సూది క్రమంగా ఇస్తున్నా, మోతాదు పెంచినా నిలవడం లేదు. ఐరన్ సరిపడా ఉంది. ఎక్కడా రక్తం పోతున్న గుర్తు లేదు. యాంటీబాడీలేమో చూడమని సీరం పంపుతానన్నారు.

అతుక్కునే యాంటీబాడీల పరీక్షలో కొద్దిగా ఉన్నాయని వచ్చింది. కణాల పరీక్షలో కణాలు దాదాపు అన్నీ చచ్చాయి. మా గీతకు చాలా కింద. రంగనాథ్ గారు కాగితం చూసి, "స్పష్టంగా ఉంది కదా. రిపోర్టు పంపండి. పాపం, ఆయనకు సూది ఆపాలి" అన్నారు.

నేను రిపోర్టు రాసే ముందు ప్లేటును మైక్రోస్కోపు కింద పెట్టాను. ఇది ఎవరో చెప్పిన పని కాదు. మిషను అంకె ఇచ్చాక మైక్రోస్కోపు చూడాల్సిన అవసరం లేదు. కానీ నాకు కణాలను చూడటం ఇష్టం. తిండి లేక చచ్చే కణాలను ఎన్నోసార్లు చూశాను. అవి ముడుచుకుపోతాయి, చిన్నవై గింజల్లా అయిపోతాయి. గురవయ్య సీరంలోవి అట్లా లేవు. ఉబ్బి ఉన్నాయి. మామూలు కణంకన్నా పెద్దగా, గుండ్రంగా, దేనికోసమో ఎదురుచూస్తూ ఆగిపోయినట్టు ఉన్నాయి.

రంగనాథ్ గారిని పిలిచి చూపించాను.

"చచ్చినవి చచ్చినట్టే కదా సుజాతా. ఉబ్బి చస్తే ఏం, ఎండి చస్తే ఏం?"

"ఆకలితో చచ్చినవైతే ఇట్లా ఉండవు సార్. ఇవి వేరే దేనికో చచ్చాయి."

ఆయన ఇంకాసేపు చూశారు. "నీకు అనిపించింది నేను రిపోర్టులో రాయలేను. రుజువు తీసుకురా. అప్పటిదాకా ఆ డాక్టరుకు ఏం చెప్పాలో నువ్వే చెప్పు" అన్నారు. ఆయన దగ్గర నాకు నచ్చింది ఇదే. ఒప్పుకోకపోయినా దారి మూసేవాడు కాదు.

నేను సలీం గారికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇంకా తేలలేదు, కొంచెం ఆగమన్నాను. "ఈలోపు రక్తం మరీ పడిపోతే ఎక్కిస్తాను. మీరు మాత్రం సరిగ్గా తేల్చండి" అన్నారాయన.

ఉబ్బిన కణాలు

రుజువుకు రెండు పనులు చేశాం. మా కణాలు ఈపీవో బదులు మరో ప్రోటీన్ పెట్టినా బతుకుతాయి. గురవయ్యకున్నది ఈపీవో మీది యాంటీబాడీయే అయితే, ఆ రెండో తిండి పెట్టినప్పుడు కణాలు హాయిగా పెరగాలి. పెరగలేదు. ఆ తిండి పెట్టినా అట్లాగే ఉబ్బి చచ్చాయి.

తర్వాత సీరంలోని యాంటీబాడీలను పూసలతో పట్టి తీసేశాం. చిన్న పూసలు, యాంటీబాడీలు వాటికి అతుక్కుంటాయి. మిగిలిన సీరంలో మూసేసేది ఏదీ ఉండకూడదు. అయినా అదీ కణాలను చంపింది.

అంటే చంపేది యాంటీబాడీ కాదు. మరి ఏది? మీకు ఈ ఉద్యోగంలో దొరికే అసలైన ఆనందం ఇట్లాంటి ప్రశ్నే. అన్నం తింటున్నా అదే, బస్సులో కూర్చున్నా అదే ఆలోచన. ఆ ఉబ్బిన ఆకారం ఎక్కడో చూశాననిపించేది. ఎక్కడో మాత్రం తట్టలేదు.

చివరికి కణాలకు రంగు వేసి చూశాను. దాదాపు ప్రతి కణంలోనూ క్రోమోజోములు ముద్దగా చేరి, రెండుగా విడిపోబోతూ మధ్యలోనే నిలిచిపోయి ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. బీఎస్సీలో బోటనీ ప్రాక్టికల్. ఉల్లిగడ్డను నీళ్ల గ్లాసు మీద పెట్టి వేళ్లు రానిచ్చి, ఆ కొనలను కోసి కోల్చిసిన్ మందులో వేసేవాళ్లం. ఆ మందు విడిపోతున్న కణాన్ని సగంలో ఆపేస్తుంది, క్రోమోజోములు చక్కగా కనబడతాయి. మా లెక్చరరు వాటిని లెక్కపెట్టమనేవాడు.

కోల్చిసిన్‌ని మనుషులకు కూడా ఇస్తారు. కాలి బొటనవేలు వాచి మంటపుట్టే గౌట్ నొప్పికి. కిడ్నీలు పనిచేయనివాళ్లలో అది బయటికి పోదు, డయాలసిస్‌లోనూ పోదు. పేరుకుపోతే మూలుగలో రక్తకణాలు విడిపోవడాన్నీ ఆపేస్తుంది. నా కణాలకు జరిగిందే గురవయ్య మూలుగలోనూ జరుగుతోందేమో!

సలీం గారికి ఫోన్‌లో చెబితే ఆయన గురవయ్య కాగితాలు తిరగేశారు. "తెల్లకణాలు కూడా తగ్గుతున్నాయి. ఏదో ఇన్‌ఫెక్షన్ అనుకున్నాను. కానీ నేను ఆ మందు రాయలేదే" అన్నారు. "మీ ఊరే కదమ్మా. ఒకసారి రాకూడదా? ఇద్దరం కలిసి అడుగుదాం" అన్నారు. గురవయ్యను అడిగి, ఆయన సరేనన్నాకే నన్ను పిలిచారు.

బిళ్ళ

గురవయ్య బక్కగా, పొడుగ్గా ఉన్నాడు. డయాలసిస్ మంచం మీద కాళ్లు బయటికి వచ్చాయి. పక్కన భార్య కోటమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది.

"సూది గాకుండా ఇంకేం మందులు వాడతావు గురవయ్యా?" అని సలీం గారు అడిగారు.

"ఏం లేవు సార్. మీరు రాసినియ్యే."

"నాటు మందేమన్నా?"

"లేదు సార్. ఒట్టు."

ఆయన అబద్ధం చెప్పడం లేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. మంచం బయటికి వచ్చిన పాదం ఒకటి వాచి ఉండటం నాకు కనబడింది. "బొటనవేలు నొప్పి ఉందా అన్నా?" అని అడిగాను.

"అబ్బో, ఆ నొప్పి సంగతి ఏం జెప్పాల్నమ్మా! దుప్పటి తగిలినా ప్రాణం పోతాది."

"మరి దానికేం చేస్తావు?"

"దానికి బిళ్ళ ఏసుకుంటా."

కోటమ్మ తలెత్తింది. "మా తమ్ముడు తెచ్చిచ్చినాడమ్మా, గిద్దలూరు నుంచి. వానిక్కూడా ఇదే నొప్పి. వానికి తగ్గింది గదా అని ఈయనకూ ఇచ్చినాడు. దినామూ ఏసుకుంటాడు."

సలీం గారు కొంచెం గట్టిగానే అన్నారు: "మందులేం వాడతావంటే లేదంటివి కదయ్యా!"

"అది మందు గాదు గదా సార్, నొప్పి బిళ్ళ. మందంటే జబ్బుకు ఏసుకునేది" అన్నాడు గురవయ్య తెల్లబోయి.

కోటమ్మ సంచిలో నుంచి మాత్రల పట్టీ తీసి ఇచ్చింది. కోల్చిసినే. సలీం గారు ఇంకా కొన్ని ప్రశ్నలు అడిగారు. విరేచనాలు అవుతున్నాయా, తొడల్లో బలం తగ్గిందా? రెండూ ఉన్నాయి. "లేసేటప్పుడు చెయ్యి పట్టుకోవాల్సి వస్తాంది సార్. గొర్ల ఎనకమాల పోయి శానా దినాలైంది" అన్నాడు గురవయ్య. అవీ ఆ మందు గుర్తులే.

బిళ్ళ ఆపారు. గౌట్‌కి ఆయనకు పడే వేరే మందు ఇచ్చారు. రక్తం పట్టే సూది ఆపలేదు. కొన్ని వారాలకు తెల్లకణాలు, ఆ తర్వాత మెల్లగా రక్తం పెరిగాయి. మేము మొదటి రిపోర్టు పంపి ఉంటే సూది ఆగేది, బిళ్ళ ఆగేది కాదు.

ఇది విన్న రోజు రంగనాథ్ గారు తనే అన్నారు: "ఆ గీత మళ్లీ గీద్దాం. ఈసారి డయాలసిస్ వాళ్ల సీరంతో. రెండో తిండి పరీక్ష ప్రతి అనుమానపు సీరానికీ చేయాలి." పైవాళ్లతో ఆలస్యం గురించి ఆయనే వాదించారు. ఆ వాదన నేను వినలేదు. ముఖం ఎర్రగా చేసుకుని గదిలో నుంచి బయటికి రావడం మాత్రం చూశాను. పై అధికారులకు ఎదురు నిలబడటం గొప్పేమీ కాదు. తను ఆమోదించిన పనిని తనే తప్పని ఒప్పుకుని మార్చడం గొప్ప.

రక్తం లేనివాళ్లను రక్తం అడగడం

ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాక సీరాల కోసం కొన్ని ఊళ్లకు వెళ్లాం. మార్కాపురానికి నేనే వెళ్లాను. నా ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన రోజు అదే. డయాలసిస్ గదిలో నిలబడి, ఒక చిన్న ట్యూబుకు రక్తం కావాలని, దాని వల్ల మీకు లాభం ఏమీ లేదని, ఇవ్వకపోయినా మీ వైద్యం ఆగదని చెప్పాను. అట్లాగే చెప్పాలి. అది రూలు, న్యాయం కూడా.

ఒక పెద్దాయన మంచం మీద నుంచే అన్నాడు. "రక్తం లేకనే గదమ్మా మేం ఈడికొచ్చేది. మా దగ్గరా నువ్వు తీసకపోయేది?"

 ఆయన అన్నది నిజం.

గురవయ్య ఆ రోజు అక్కడే ఉన్నాడు. ఆయన సీరంలో అతుక్కునే యాంటీబాడీలు కొద్దిగా ఉన్నాయి కాబట్టి గీత గీయడానికి పనికిరాదు. అయినా ఆయనకు మాత్రం ఎక్కడలేని ఆసక్తి.

"అమ్మా, ఆ కణాలకు నా రక్తం పోసినారు గదా. అయ్యి సచ్చిపోయినాయా?"

"చచ్చిపోయినాయన్నా."

"అన్నీనా?"

"దాదాపు అన్నీ."

"పాపం" అన్నాడు. మళ్లీ తనే, "అయ్యి సచ్చిపోబట్టే నా సంగతి తెలిసింది, లేకపోతే నేను పోయుందును" అన్నాడు. ఎవరికి చెబుతున్నాడో తెలియదు కానీ గదిలో అందరూ విన్నారు.

కిటికీ పక్క మంచంలో మార్తమ్మ ఉండేది. పెద్దారవీడు వైపు కూలి పనులు చేసుకుని బతికిన మనిషి, నాకన్నా పదేళ్లు పెద్ద. నన్ను చాలాసేపు చూసి, "నువ్వు పలకల గని యేసేపు కూతురివి గదా? మీ నాయనా, మా ఆయనా ఒక గనిలోనే పనిజేసినారు" అంది.

"అవునక్కా."

"ఏం మనిషమ్మా మీ నాయన! పలక చీలిస్తే తమలపాకు మాదిరి వచ్చేది." తర్వాత అసలు మాటకు వచ్చింది. "నా రక్తంతో నువ్వు ఏం జూస్తావు?"

"నీకు సూది బాగా పడతాంది. అంటే దాన్ని పనిచేయనీయని చెడ్డ యాంటీబాడీలు నీకు లేవక్కా. లేనివాళ్ల సీరం ఎట్లా ఉంటాదో తెలిస్తేనే, ఉన్న మనిషి వచ్చినప్పుడు కనిపెట్టగలం. తెలీకుంటే లేని మనిషికి ఉందంటాం, ఉన్న మనిషికి లేదంటాం."

"అంటే నా దాంతో ఇంకొకరిని పోల్చుకుంటారు."

"అంతే అక్కా."

"ఎవరిని?"

"ఎవరో. ఇంకా రాలేదు ఆ మనిషి."

మార్తమ్మ కొంచెం నవ్వింది. "రాని మనిషికోసం అడగతాండావా! సరే, తీసుకో. ఎట్లాగూ సూది గుచ్చేదే గదా, ఆ పైపులోనే తీసుకో. వేరేగా గుచ్చబాకు."

ఆమె ఇచ్చాక ఇంకొందరు ఇచ్చారు. కొందరు ఇవ్వలేదు. రక్తం లేకనే వచ్చామన్న పెద్దాయన ఇవ్వలేదు. వెళ్లేటప్పుడు ఆయనకూ నమస్కారం పెట్టి వచ్చాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. 'వద్దు' అన్న మనిషి మీకు అడ్డం పడినట్టు కాదు. అడిగింది అర్థమై చెప్పిన జవాబు అది.

కొత్త గీత పాత గీతకన్నా కిందికి వచ్చింది. గ్రాఫు నున్నగా లేదు, గతుకుల రోడ్డులా ఉంది. రంగనాథ్ గారు దాన్ని చూసి నిట్టూర్చి, సంతకం పెట్టారు.

రాని మనిషి

చాలాకాలం అనుమానపు సీరాలన్నీ ఏదో ఒక మెట్టు దగ్గర వీగిపోయాయి. కొన్ని రెండో తిండి పెట్టినా చంపాయి. అంటే అది సీరం దోషం. కొన్ని కొత్త గీతకు పైనే ఉన్నాయి. అసలు ఈ పరీక్ష ఎప్పటికైనా నిజమైన మనిషిని పట్టుకుంటుందా అని మాలో మేమే అనుకునే వేళకు ఒక సీరం వచ్చింది.

ఈపీవో పెట్టిన గుంటల్లో కణాలు గింజల్లా ముడుచుకుపోయాయి. రెండో తిండి పెట్టిన గుంటల్లో అవే కణాలు నిండుగా, మెరుస్తూ పెరిగాయి. పూసలతో యాంటీబాడీలను తీసేసి చూస్తే, ఈపీవోతోనూ మళ్లీ బతికాయి.  సంతోషమో భయమో తెలియలేదు. పరీక్ష నిజం చెప్పింది. నిజం ఏమిటంటే ఒక మనిషి మూలుగలో రక్తం ఆగిపోయింది.

ఆ రోజే ఫోన్ వెళ్లింది. అక్కడి డాక్టర్లు సూది ఆపారు, యాంటీబాడీలను అణచే మందులు మొదలుపెట్టారు. నెలల పాటు రక్తం ఎక్కిస్తూ నిలబెట్టారు. మాకు తర్వాత తెలిసింది రెండు మాటలే. ఆమె స్త్రీ. కోలుకుంది. గురవయ్య విషయంలోలా డాక్టరే చెబితే తప్ప, సీరాలు మా దగ్గరికి నంబర్లతోనే వస్తాయి. ఏ ఊరో, ఏ పేరో మాకు తెలియదు, తెలియకూడదు.

ఆ తర్వాత మార్కాపురం వచ్చినప్పుడు డయాలసిస్ గదికి వెళ్లాను. గురవయ్య ఆ పూట రాలేదు. మళ్లీ గొర్రెల వెనక తిరుగుతున్నాడట, ఆయన వంతు మర్నాడట. రక్తం ఇవ్వనన్న పెద్దాయన మంచంలో వేరే ఎవరో ఉన్నారు. మార్తమ్మ కిటికీ పక్కనే ఉంది. ఇంకా చిక్కిపోయింది. పక్కన కూర్చుని చెప్పాను.

"ఆ మనిషి వచ్చిందక్కా."

"ఏ మనిషి?"

"నీ రక్తంతో పోల్చుకోవాలన్నానే, ఆ మనిషి."

ఆమె కళ్లు పెద్దవి చేసింది. "వచ్చిందా! బతికిందా?"

"బతికింది. ఆడమనిషే."

"ఏ ఊరు?"

"తెలీదక్కా."

"పేరు?"

"అదీ తెలీదు. మాకు చెప్పరు."

"ఇదేం ఉద్యోగమమ్మా!" అంది మార్తమ్మ. "మనిషిని బతికిచ్చినామంటావు, పేరు తెలీదంటావు. పేరు లేకుంటే నేను ప్రార్థన చేసేది ఎట్ల?"

 మిషను తిరుగుతున్న చప్పుడు వింటూ ఆమె చాలాసేపు కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోయిందేమోనని లేవబోయాను.

"ఉండు, అయిపోలే" అంది కళ్లు తెరవకుండానే. "'ఆ తల్లి' అని చేస్తాండా. పేరు దేవునికి తెలుసులే."